స్టీక్ చేయాలంటే మటన్ ఎక్కడ, ఎలా కొనాలి: బరంపురం వైపు ఉన్నవాళ్ళ కోసం

మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చినప్పుడల్లా ఒకటే పాట. "అమ్మా, ఈసారి కూర వద్దు, స్టీక్ చేద్దాం." స్టీక్ అంటే మందంగా కోసిన ముక్కను పులుసు లేకుండా పెనం మీద కాల్చడం. మొదటిసారి సరేనన్నాను. ఆదివారం పొద్దున్న ఏడింటికి వీధి చివర కొట్టుకెళ్ళి, అప్పుడే కోసిన మేకపోతు వెనక తొడ తెచ్చాను. సంచీ పట్టుకుంటే చేతికి ఇంకా వెచ్చగా తగులుతోంది. ఇంతకంటే తాజాది ఎవరికి దొరుకుతుందిలే అని మురిసిపోయాను. పదిన్నరకి పెనం మీద వేశాను. తినబోతే చెప్పు అట్టే! వాడు మొహమాటానికి రెండు ముక్కలు నమిలి పక్కన పెట్టేశాడు.

మిగిలిన సగం ఫ్రిజ్‌లో పడేసి మర్చిపోయాను. మర్నాడు రాత్రి పారేయడం ఇష్టం లేక అదే పెనం మీద, అదే మంట మీద కాల్చాను. మెత్తగా వచ్చింది. తొడ అదే, పెనం అదే, చెయ్యీ నాదే. మధ్యలో గడిచింది ఒకటిన్నర రోజు, అంతే.

మేక ప్రాణం పోయిన కొన్ని గంటలకే కండ బిగుసుకుపోతుంది. ఆ బిగువు సడలి, కండలోనే ఉండే ఎంజైములు పీచును మెల్లగా తెంచడానికి ఒకటి రెండు రోజుల చల్లదనం కావాలి. కూరకైతే ఈ గొడవ లేదు. గంటసేపు ఉడికిస్తాం, కుక్కర్‌లో అయితే ఆరు విజిళ్ళు, ఎంత గట్టి కండయినా లొంగుతుంది. స్టీక్ పెనం మీద ఉండేది ఐదారు నిమిషాలే. అందుకే "వేడి వేడి మాంసం తెచ్చాను" అని మనం గొప్పగా చెప్పుకునేది కూరకి పనికొస్తుంది, స్టీక్‌కి పనికిరాదు. కొనేటప్పుడు ఈ ఒక్కటి గుర్తుంటే మిగతావన్నీ దారిలో పడతాయి.

ముందు ఏ ముక్క కావాలో తేల్చుకోండి

బయటి దేశాల్లో స్టీక్ అంటే ఎక్కువగా గొడ్డుమాంసమే. ఒడిశాలో గోవధను నిషేధించే చట్టం 1960 నుంచీ ఉంది. నేను రాస్తున్నది మేక, గొర్రె గురించే. స్టీక్ అంటే పేరే కొత్తగానీ పద్ధతి కొత్తది కాదు. కోనాం చేపను చక్రాల్లా అడ్డంగా, మందంగా కోయించుకుంటాం కదా, అదీ స్టీకే. గోపాలపూర్ మనకు పదహారు కిలోమీటర్లే కాబట్టి మటన్‌తో ఇంత తంటా పడలేం అనుకునేవాళ్ళు చేపతో మొదలుపెట్టినా తప్పులేదు.

మేకలో పెనం మీదికి పనికొచ్చేవి మూడే చోట్లు.

మొదటిది వెన్నెముకకు రెండు పక్కలా నిలువునా ఉండే పొడుగు కండ. మేక నడిచినా, ఎగిరినా, చెట్టెక్కినా దీనికి పెద్దగా పని పడదు, అందుకే ఇది అన్నిటికంటే మెత్తన. కానీ పది కేజీల పోతులో ఇది చాలా తక్కువ. పైగా మన కొట్లలో దీన్ని విడిగా తీసే అలవాటు లేదు, ఎముకతో కలిపి కూర ముక్కలు కొట్టేస్తారు. రెండోది చాప్స్, అంటే పక్కటెముకతో పాటు వచ్చే అదే కండ. మూడోది వెనక తొడ. ఇంటికి సరిపడా దొరికేది, అడిగితే ఇచ్చేది ఇదే. నలుగురికి ఒక తొడ చాలు. పోయినసారి కేజీన్నర తొడలో ఎముక, పొర, నరాలు తీసేశాక నాకు తొమ్మిది వందల గ్రాముల దాకా వచ్చింది.

మెడ, ముంగాలు, పిక్క జోలికి పోవద్దు. రోజంతా పనిచేసే కండలవి. పులుసులో పెడితే అమృతం, పెనం మీద పెడితే రబ్బరు.

మేకా, గొర్రా

గంజాం పేరుతో ఒక మేక జాతి ఉంది, ఒక గొర్రె జాతీ ఉంది. రెండూ దేశంలో నమోదైన జాతులే. గంజాం మేక పొడుగు కాళ్ళది, నిటారు కొమ్ములది, ఎక్కువగా నల్లగా ఉంటుంది. వీటిని తరతరాలుగా కాస్తున్నది మన గొల్లలే. మందలు తోలుకుంటూ ఊళ్ళు తిరుగుతారు. ఇంటిదగ్గర కట్టేసి మేపినవాటికన్నా ఈ తిరిగే మేకల తొడ కండ గట్టిగా ఉంటుందని నాకనిపిస్తుంది. రుచి బాగుంటుంది, కాకపోతే వయసు ముదరనిది చూసుకోవాలి.

మనవాళ్ళు, ఒడియావాళ్ళు కూడా, మేకకే ఓటేస్తారు. గొర్రె అంటే వాసన అని మొహం చిట్లిస్తారు. స్టీక్ విషయంలో నా మాట వేరు. లేత గొర్రెలో కండ మీద కొవ్వు పొర ఉంటుంది, కాలేటప్పుడు అది కరిగి ముక్కను ఎండిపోనివ్వదు. చాప్స్‌కి నేనైతే గొర్రెనే తీసుకుంటాను. కానీ గొర్రె అని తెలిసి, గొర్రె ధర ఇచ్చి. మేక పేరు చెప్పి గొర్రె కట్టబెట్టడం ఎక్కడైనా ఉన్నదే. వేలాడదీసిన దానికి తోక ఉంచారేమో చూడండి. మేక తోక పొట్టిగా, పైకి లేచి ఉంటుంది. గొర్రెది కిందికి వేలాడుతుంది. తోక కోసేసి ఉంటే కొవ్వు చూడండి. గొర్రెకి వీపు మీదా తొడ మీదా చర్మం కింద తెల్లటి మందపాటి పొర ఉంటుంది, మేకకి అది చాలా పలచన.

పోతుల్లో మళ్ళీ తేడా ఉంది. విత్తు కొట్టిన పోతును ఇక్కడ ఖాసీ అంటారు, కొట్టనిదాన్ని బోదా అంటారు. ముదిరిన బోదాకి ఒక ఘాటు వాసన వస్తుంది. మసాలా కూరలో అది కలిసిపోతుంది. ఉప్పూ మిరియాలే వేసే స్టీక్‌లో దాచడానికి చోటు లేదు. కాబట్టి ఖాసీ అని గట్టిగా అడగండి.

ఏ రోజు కొనాలి

ఆదివారం వద్దు. ఆదివారం పొద్దున్న ఆరింటి నుంచి పదింటి దాకా కొట్టువాడికి ఊపిరాడదు. మీ తొడను జాగ్రత్తగా విడదీసే తీరిక అతనికి ఉండదు. మచ్చుకత్తి ఎత్తాడంటే మీరు నోరు తెరిచేలోపే నాలుగు దెబ్బలు పడిపోతాయి.

శుక్రవారం పొద్దున్న కొని, ఫ్రిజ్‌లో పెట్టి, ఆదివారం వండుకోవడం నా లెక్క. కొట్టు ఖాళీగా ఉంటుంది, మాంసానికి కావలసిన రెండు రోజులూ వస్తాయి.

ఇక్కడి పంచాంగం కూడా చూసుకోవాలి. కార్తీకమంతా సగం ఊరు నీచు ముట్టదు, చివరి ఐదు రోజులు పంచుకమని ముట్టేవాళ్ళు కూడా మానేస్తారు. అమ్మకం పడిపోయినప్పుడు కొట్లో వేలాడుతున్నది ఎప్పటిదో అడిగి మరీ తీసుకోండి. కార్తీక పున్నమి మర్నాడు ఛాడఖాయి. నెల్లాళ్ళ ఆకలి ఒక్కరోజు తీర్చుకునే పండగ అది, మటన్ కొట్ల ముందు వరసలు రోడ్డెక్కుతాయి. ఆ రోజు మంచి ముక్క ఏరుకోవాలనుకోవడం అత్యాశ. మార్గశిరంలో గురువారాలు లక్ష్మీపూజ, మన తెలుగిళ్ళలోనూ చేస్తారు, ఆ రోజూ బేరం పలచనే.

ఎక్కడ కొనాలి

వీధి మటన్ కొట్టే నా మొదటి ఎంపిక, కానీ ఏ కొట్టయితే ఆ కొట్టు కాదు. నేను చూసేవి చిన్న చిన్న విషయాలు. మొద్దు గీకి శుభ్రంగా ఉందా, నిన్నటి కొవ్వు నల్లగా పేరుకుని ఉందా? మాంసం మీద తడి గోనె కప్పారా, దోమతెర లాంటిది ఉందా? కోళ్ళ గంపలు పక్కనే ఉన్నాయా? గోడకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) కాగితం ఉందా? రోజుకి పది మేకలకి మించి కోయని చిన్న కొట్టయినా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే, దానిమీద పద్నాలుగు అంకెల నంబరుంటుంది. కాగితం ఉన్నంత మాత్రాన మాంసం మెత్తబడదు గానీ, అది పెట్టుకున్నవాడికి కొట్టు రేపు కూడా ఉండాలన్న బాధ్యత ఉంటుంది.

రెండో దారి పోగు. పండక్కో, సెలవు రోజుకో నలుగురైదుగురు కలిసి ఒక పోతును కొని, కోయించి పోగులు వేసుకుంటారు కదా. మాంసం నాణ్యంగా ఉంటుంది, ధర కలిసొస్తుంది, ఏ మేకో కళ్ళారా చూస్తాం. చిక్కల్లా పంపకంలోనే. పోగు న్యాయమంటే తొడలో ఇంత, పక్కలో ఇంత, కార్జంలో ఇంత, బోటీలో ఇంత అందరికీ సమానంగా రావాలి. ఆ న్యాయంలో తొడ ముక్కచెక్కలైపోతుంది. అందుకని కత్తి పడకముందే మిగతావాళ్ళతో మాట్లాడుకోవాలి. "నాకు కార్జం వద్దు, తలకాయ వద్దు, కాళ్ళు వద్దు, ఒక వెనక తొడ గుండుగా ఇచ్చేయండి" అంటే ఎవరూ కాదనరు. కార్జం వదులుకునేవాళ్ళు దొరికితే ఎగిరి గంతేస్తారు. మా ఆడపడుచు గారింట్లో ఇలాగే సర్దుబాటు చేసుకున్నాం. ఆవిడ మాత్రం ఇప్పటికీ "మా వదిన కార్జం వదులుకుని ఎముక పట్టుకుపోయింది" అని నవ్వుతూనే ఉంటుంది.

మూడోది సంత. రాయగడ, కొరాపుట్ వైపు ఉన్నవాళ్ళకి ఇది బాగా వీలు. చాటికొన బుధవారం సంతలాంటి చోట్లకి కొండ ఊళ్ళ నుంచి మేకలు దిగుతాయి. బతికున్నదాన్ని కొనేటప్పుడు కింది పెదవి దించి కింది దవడ ముందు పళ్ళు చూడండి. మేకకి పై దవడలో ముందు పళ్ళు ఉండవు, కంగారు పడొద్దు. అన్నీ చిన్న పాలపళ్ళయితే ఏడాది లోపుది. మధ్యలో రెండు పెద్ద పళ్ళు వచ్చి ఉంటే ఏడాది నుంచి ఏడాదిన్నర. నాలుగు వస్తే సుమారు రెండేళ్ళు. స్టీక్‌కి రెండు పళ్ళు దాటనివ్వకండి. నాలుగు పళ్ళది కూరకి దివ్యంగా ఉంటుంది. బతికున్న బరువులో మీ చేతికొచ్చే మాంసం సగానికి కాస్త తక్కువే, ఆ లెక్క వేసుకుని బేరమాడండి. ఇంకోమాట, దూరం నుంచి తరుముకొచ్చిన మేకను దించిన వెంటనే కోయించకండి. ఒక రాత్రి నీళ్ళు పెట్టి పడుకోనివ్వండి. బెదిరి, అలిసిపోయిన జంతువు మాంసం నల్లగా, జిగటగా తయారవుతుంది, తొందరగా పాడవుతుంది కూడా.

నాలుగోది ప్యాకెట్ మాంసం. పెద్ద షాపుల ఫ్రీజర్లలో, ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికొచ్చేవాటిలో, చాప్స్ శుభ్రంగా రంపంతో కోసి ఉంటాయి. ఒకసారి నాకొచ్చిన ప్యాకెట్లో అడుగున అరగ్లాసు ఎర్ర నీళ్ళు, ముక్కల మీద మంచు పలుకులు. ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. ఆ ప్యాకెట్ కూరలోకి కూడా చప్పగానే ఉంది. చల్లగా ఉండి, గడ్డకట్టనిది దొరికితే తీసుకోండి, తేదీ చూసి.

కొట్లో నిలబడి ఏం చూడాలి

లేత మేక కండ లేత ఎరుపు. ముదురుది ముదురు ఎరుపు, కొన్నిసార్లు ఇటుక రంగు దాటి గోధుమ రంగులోకి పోతుంది. కోసిన ఎముక చివర చూడండి: లేతదైతే లోపల ఎర్రగా, గుల్లగా ఉంటుంది. ముదురుదైతే తెల్లగా, గట్టిగా, రాయిలా ఉంటుంది. పక్కటెముకలు సన్నగా, కాస్త గుండ్రంగా ఉంటే లేతది, వెడల్పుగా బల్లపరుపుగా ఉంటే వయసొచ్చింది. వేలితో నొక్కితే గుంట పూడిపోవాలి. వేలికి జిగురు అంటితే దండం పెట్టి వచ్చేయండి. మాంసం మెరిసిపోతూ కింద నీళ్ళు కారుతుంటే తూకం కోసం తడుపుతున్నారని అర్థం. ఆ నీళ్ళకి మీరు డబ్బులిస్తున్నారు, పైగా తడి ముక్క పెనం మీద కాలదు, ఉడుకుతుంది.

అడిగే పద్ధతి

అసలు పనంతా ఇక్కడే ఉంది. కొట్టువాడికి స్టీక్ అని చెప్తే ప్రయోజనం లేదు. నేను మొదటిసారి చెప్పినప్పుడు మా కొట్టాయన కత్తి ఆపి అడిగాడు: "ఏటమ్మా, కూరకి కాదేటి? మరి తొడంతా ఏం చేస్తారు?" ఇప్పుడు నేను ముందే చెప్తాను: "బాబూ, వెనక తొడ గుండుగా కావాలి. కొట్టొద్దు. తూకం అయ్యాక ఎముక తీసి ఇయ్యి, ఎముక కూడా సంచీలో వెయ్యి." ఒడియా కొట్టయితే ఇలా అంటాను: "భాయి, ఖాసీ గోడ గొటా దియంతు, కాటంతు నాహిఁ." మొత్తం కాలు ఇవ్వండి, కొట్టకండి అని. కాటంతు నాహిఁ అన్నది మాత్రం రెండుసార్లు అనండి.

ఎముకతోనే చక్రాల్లా కోయించుకుంటే ఇంకా అందంగా ఉంటుంది కానీ దానికి రంపం కావాలి. మన కొట్లలో ఉండేది మచ్చుకత్తి. దానితో కొడితే ఎముక పగిలి సూదుల్లాంటి పెచ్చులు కండలో దిగుతాయి. పిల్లలున్న ఇంట్లో అది మరీ ప్రమాదం. అందుకే ఎముక తీయించేయడమే మేలు. చాప్స్ కావాలంటే రెండేసి పక్కటెముకలు కలిపి ఒక ముక్కగా కొట్టమనండి, ఒక్కో ఎముక చొప్పున కొడితే పలచనై ఎండిపోతాయి.

తూకం ఎముకతోనే వేస్తారు, ఎముక తీశాక వేయమంటే ధర వేరే చెప్తారు. రెండూ లెక్క కట్టి చూశాను, పెద్ద తేడా లేదు. ఎముకతో తూకం వేయించుకుంటే మర్నాటి చారుకి నల్లి ఎముక మిగులుతుంది. మూడు నాలుగు సార్లు ఒకే కొట్టుకి వెళ్తే ఇక చెప్పనక్కర్లేదు. మా కొట్టాయన నన్ను చూడగానే "మీ తొడ పక్కన పెట్టానమ్మా" అంటాడు. ఎవరైనా కొత్తవాళ్ళు వింటే ఏమనుకుంటారో!

ఇంటికి తెచ్చాక

ఎండల్లో అయితే చేపలవాళ్ళు వాడే థర్మకోల్ పెట్టె, అడుగున కాస్త ఐసు. వానాకాలం అయితే ఈగ వాలకుండా మూత. ఇంటికి రాగానే మన అలవాటు పసుపేసి నాలుగు నీళ్ళు కడగడం. ఇక్కడ ఆ చెయ్యి ఆపుకోండి. ఎముక పెచ్చులుంటే ఒకసారి తొలిపి, పొడి గుడ్డతో బాగా అద్ది, స్టీలు గిన్నెలో పెట్టి మూత వేయండి. ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అర, వెనక వైపు. ఇరవై నాలుగు గంటలు తప్పనిసరి, నలభై ఎనిమిదైతే ఇంకా మంచిది. అంతకు మించి వద్దు. గంటల తరబడి కరెంటు పోయే ఊరైతే ఒక్క రోజుతో సరిపెట్టుకోండి. తెచ్చిన వెంటనే ఫ్రీజర్‌లో పెట్టకండి. బిగువు సడలకముందే గడ్డకడితే కండ ముడుచుకుని ఇంకా గట్టిపడుతుంది.

పచ్చి బొప్పాయి గురించి అందరూ అడుగుతారు. రెండు రోజులు ఆగే ఓపిక ఉంటే దానితో పని లేదు. ఓపిక లేనప్పుడు అర చెంచా ముద్ద రాసి అరగంటలో తుడిచేయండి. ఎక్కువసేపు ఉంచితే పైన పిండిలా, లోపల రాయిలా తయారవుతుంది.

కోయడం ఇలా. తొడ కండని పరీక్షగా చూస్తే పీచు ఎటు పోతోందో కనిపిస్తుంది, మల్లెదండలో నారలా. దానికి అడ్డంగా, అంగుళం మందాన కోయండి. తెల్లటి పొరను కత్తి మొనతో లేపి లాగేయండి, లేకపోతే వేడికి అది బిగిసి ముక్క గిన్నెలా ముడుచుకుంటుంది. ఉప్పు వండడానికి ముప్పావుగంట ముందు రాయండి.

పెనం ఇనుపదే, దోసెలది చాలు. వేరుశనగ నూనె పొగ వచ్చేదాకా కాగాలి. ఒక్కో పక్క రెండున్నర నుంచి మూడు నిమిషాలు, మధ్యలో కెలకొద్దు. చివర్లో చెంచాడు నెయ్యి, నలిపిన వెల్లుల్లి, కచ్చాపచ్చా మిరియాలు. దించి ఐదు నిమిషాలు పళ్ళెంలో వదిలేయండి. థర్మామీటరు ఉంటే ముక్క నడుమ అరవై మూడు డిగ్రీలు వచ్చాక దించి, మూడు నిమిషాలు ఆగితే చాలంటారు. సంతలో కొన్న మేకయినా, పోగులోదయినా, పశువుల డాక్టరు చూడని మాంసం కాబట్టి నేను లోపల గులాబీ రంగు మిగలనివ్వను, డెబ్బై దాటిస్తాను. కాస్త గట్టిపడుతుంది, అయినా ఇంట్లో పెద్దవాళ్ళున్నారు.

మా అత్తగారు మొదట ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి "ఇందులో పులుసేదీ?" అన్నారు. ఇప్పుడు ఆవిడకి సన్నగా కోసి, పక్కన నల్లి ఎముక చారు, వేడి అన్నం పెడుతున్నాను. ఆ చారుకి ఎముకను రెండు విజిళ్ళు కాదు, సన్నటి సెగ మీద గంటన్నర ఉంచాలి.